కొత్త చేట నుంచి పసుపు పొడి రాలుతోంది, ఏమి చేయాలి?

కోకాపేట_సుధ
రెండు నెలల కిందట ఒక పెద్ద దుకాణంలో వెదురు చేట ఒకటి, మాసిన బట్టలు వేసుకునే పెద్ద బుట్ట ఒకటి కొన్నాను. రెండూ కలిపి 2,800. చేతితో అల్లినవి, సహజమైనవి అని పెద్ద చీటీ కూడా కట్టి ఇచ్చారు. వారం రోజులుగా బుట్ట కింద గచ్చు మీద సన్నటి పసుపు పొడి కనబడుతోంది. తుడిస్తే మర్నాటికి మళ్లీ అంతే. నిన్న చేట దులిపితే అందులోంచీ రాలింది. దుకాణానికి వెళ్తే "సహజమైన వస్తువు కదా మేడం, అలాగే ఉంటుంది" అన్నారు. మా అత్తగారేమో ఆ చేటతో బియ్యం చెరగడానికి ససేమిరా అంటున్నారు, బియ్యానికి పురుగు పడుతుందట. పారేయాలా, బాగుచేసుకోవచ్చా?

మూడోఅంతస్తు
బుట్ట కొని బుట్టలో పడ్డారన్నమాట.

రామంతపూర్ రావు
2,800 పెట్టి గడ్డి కొన్నారు. వెదురు అంటే గడ్డి జాతే కదా. మా పేటలో సందు చివర 150కి చేట ఇస్తారు. నేనైతే దానికీ బేరమాడి 100కి తెచ్చాను. ఈ చీటీలు కట్టే దుకాణాల వాళ్లకు గిరాకీ ఇస్తున్నది మనమే.

పురుగులమాస్టారు
అది పుప్పి. వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లు పురుగులతోనే కాపురం చేసినవాణ్ణి కనుక కాస్త వివరంగా చెబుతాను.

వెదురును తొలిచే పురుగు సుమారు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, ముదురు గోధుమ రంగు, పేరు డైనోడెరస్. దానికి కావలసింది వెదురులోని పిండిపదార్థం. మీ గచ్చు మీద రాలుతున్నది అది తొలిచి వదిలిన పొడి. బియ్యంలో కనబడే ముక్క పురుగు వేరు, చెద వేరు. బియ్యం మాట అటుంచి, చేటలోంచి పొడి బియ్యంలో రాలడం మాత్రం ఎవరికీ ఇష్టం ఉండదు. కాబట్టి మీ అత్తగారు చెప్పిన కారణం ఎలా ఉన్నా నిర్ణయం సరైనదే.

బుట్టను లైటు కింద పెట్టి చూడండి. గుండుసూది తల అంత గుండ్రటి రంధ్రాలు కనబడతాయి. పైన పచ్చగా నున్నగా ఉన్న బద్దల మీద ఉండవు, లోపలి తెల్ల బద్దల మీదే ఉంటాయి. వెదురు పై పొరలో ఇసుకలో ఉండే సిలికా చేరి గట్టిగా ఉంటుంది, పురుగుకు పళ్లు దిగవు. మెత్తని లోపలి భాగంలోనే దాని విందు.

కోకాపేట_సుధ
చూశాను మాస్టారూ. బుట్ట మొత్తం తెల్ల బద్దలే! పచ్చ పొర అన్నది అంచు దగ్గర ఒక్క వరస మాత్రమే ఉంది. లోపల రంధ్రాలు లెక్కపెట్టలేకపోయాను. చేటలో మాత్రం రెండు బద్దలకే ఉన్నాయి.

వేపచెట్టు
కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో రుద్ది ఎండలో పెట్టండి. మా అమ్మ ఎప్పుడూ అదే చేసేది. ఒక్క పురుగు మిగలదు.

పురుగులమాస్టారు
@వేపచెట్టు బట్టల బుట్టకు కూడా వద్దంటాను, వాసన వదలదు. చేటకైతే అసలే వద్దు, అది వంటింటి వస్తువు. వేసవిలో పలచటి నల్ల గుడ్డ కప్పి నాలుగు రోజులు మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే చాలావరకు చస్తాయి. ఫ్రీజర్‌లో వారం ఉంచినా చస్తాయి. మ్యూజియంలలో పాత వస్తువులకు చేసే పద్ధతి అదే. తిండి తగలని వస్తువులకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు వాడతారు, అది కూడా అల్లడానికి ముందే పట్టిస్తే మేలు.

మూడోఅంతస్తు
చేట పట్టే ఫ్రీజర్ ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి మాస్టారూ.

మేదరింటి ఆడపడుచు
ఇన్ని రోజులూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఈ ప్రశ్న చూశాక ఆగలేకపోయాను. మాది మేదరి కుటుంబం. నాన్న మంచిర్యాల వైపు నుంచి ఈ ఊరికి వచ్చారు. నేను బ్యాంకులో పనిచేస్తున్నాను, కానీ చిన్నప్పటి నుంచి బద్దలు చీరిన చేతులే ఇవి. కుడి చూపుడు వేలి మీద గీతలు ఇంకా పోలేదు.

సుధ గారూ, మీకు అమ్మినది తప్పుడు వస్తువని అనను, తప్పుడు భాగం అంటాను. ఒక బొంగును నిలువుగా చీల్చి, ఆ చీలికను మళ్లీ పొరలుగా విడదీస్తారు. మొదటి పొర, అంటే పచ్చ పొర, అసలు సరుకు. రెండోది ఫరవాలేదు. లోపలికి వెళ్లేకొద్దీ మెత్తన, బోలు. మా ఇంట్లో ఆ లోపలి పొరతో పొయ్యి రాజేసేవాళ్లం, లేదా పూల దుకాణాల వాళ్లకు ఒక్క రోజు పనికొచ్చే బుట్టలు అల్లేవాళ్లం. పెళ్లిలో పూలు పోసి పారేసే బుట్టకు అది చాలు. అదే పొరకు రంగు వేసి, వార్నిష్ కొట్టి, చీటీ కట్టి పదేళ్ల వస్తువుగా అమ్మితే ఇలాగే అవుతుంది. వార్నిష్ ఉంటే పచ్చ పొరా తెల్ల పొరా కొనేవారికి తెలియదు. అందుకే వేస్తారు.

రెండో సంగతి, నరికిన కాలం. మొలిచిన పిలక కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తు ఎదుగుతుంది, కానీ గట్టిపడటానికి మూడేళ్లు పడుతుంది. ఏడాది బొంగు చీల్చడానికి వెన్నలా ఉంటుంది, పుప్పి కూడా దానికే ముందు పడుతుంది. ముదిరినదాన్ని చలికాలంలో నరకాలి. నరికాక కొన్నాళ్లు వాగులోనో కుంటలోనో ముంచి ఉంచితే లోపలి తీపి నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లు కుళ్లి వచ్చే వాసన భరించలేం, కానీ ఆ వాసన చూసిన బొంగుకు పురుగు రాదని నాన్న నమ్మకం.

వేపచెట్టు
నరకడం అమావాస్య ముందు చీకటి పక్షంలో అయితే అసలు పురుగే పట్టదు. పెద్దలు ఊరికే చెప్పరు.

పురుగులమాస్టారు
కాలం మాట నిజం, వెదురులో పిండిపదార్థం ఋతువును బట్టి పెరిగి తగ్గుతుంది. చంద్రుడి సంగతి మాత్రం నేను ఒప్పుకోను. ముప్పై ఏళ్లలో పురుగు పంచాంగం చూసుకుని రావడం చూడలేదు.

మేదరింటి ఆడపడుచు
మాస్టారూ, నాన్న కూడా చీకటి పక్షమే అంటారు. వెన్నెల రాత్రుల్లో నరకకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండేదిలెండి, అడవిలో గార్డుకు కనబడేవారు కదా.

మూడోఅంతస్తు
ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన అత్యుత్తమ శాస్త్రీయ వివరణ ఇదే.

నల్లకోటు
వృత్తి రీత్యా ఒక మాట. 1927 నాటి అటవీ చట్టంలో చెట్టు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తాటి, ఈత జాతులతో పాటు వెదురునూ చేర్చారు. రావు గారు చెప్పినట్టు అది గడ్డి, చట్టానికి మాత్రం తొంభై ఏళ్లు చెట్టు. సొంత పొలంలో పెంచిన బొంగు నరికి లారీ ఎక్కించాలన్నా అనుమతి కావలసివచ్చేది. అడవి బయట పెరిగిన వెదురుకు ఆ అడ్డు తొలగించడానికి 2017లో సవరణ చేసి ఆ నిర్వచనం నుంచి వెదురు అన్న మాటను తీసేశారు. అడవిలోని వెదురుకు మాత్రం పాత నియమాలే.

2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దానిపై ఆదివాసీలకూ సంప్రదాయ అటవీవాసులకూ హక్కు ఇచ్చింది. మన సరిహద్దుకు అవతల గడ్చిరోలి జిల్లాలోని మేండా లేఖా గ్రామసభ 2011లో ఆ హక్కుతో సొంతంగా వెదురు రవాణా పాసులు ఇచ్చుకుంది. ఊరు ఊరంతా కలిసి బొంగు అమ్ముకుంది.

పట్నంలోని మేదరి కుటుంబానికి ఆ హక్కు అందదు. వాళ్లు ఉండేది అడవిలో కాదు, బస్తీలో. కొనుక్కోవలసిందే.

రామంతపూర్ రావు
చట్టాలు సరే. మేదరి గారూ, ఒక్క చేటకు 150 ఎక్కువ కాదంటారా? పెట్టుబడి ఏముంది అందులో?

మేదరింటి ఆడపడుచు
లెక్క చెబుతాను రావు గారూ, మీరు అడిగారు కనుక. మా ఇంట్లో ఒక మంచి బొంగు నుంచి మూడు చేటలు వచ్చేవి. కణుపులు దగ్గర దగ్గరగా ఉంటే రెండే. బొంగు ఖరీదు, ఆటో ఖర్చు తీసేయండి. నాన్న చీల్చి పొరలు తీస్తే అమ్మ అల్లేది. చేట మూలలు మడిచి, అంచుకు దబ్బ, అంటే మందపాటి వెదురు బద్ద, పెట్టి కట్టేసరికి ఇద్దరికీ ఆ రోజు అయిపోయేది. మీరు బేరమాడి తగ్గించిన ఆ 50 ఉంది చూడండి, మా అమ్మ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కూర్చున్న కూలి అది.

రామంతపూర్ రావు
ఆ మాట మనసులో పెట్టుకుంటాను. నేను ప్లాస్టిక్ చేట 60కి దొరుకుతున్న లెక్కలో అడిగాను.

ఓరుగల్లు_వాణి
ప్లాస్టిక్ చేటతో ఎప్పుడైనా చెరిగి చూశారా రావు గారూ? గింజ జారిపోతుంది, పొట్టు కరుచుకుంటుంది. వెదురు చేటలో అడ్డం బద్దల గరుకుదనం ఉంటుంది, దాని మీద నూక వెనక్కి ఆగి పొట్టు ముందుకు ఎగురుతుంది. అది చేట చేసే పని, మన చేతి గొప్ప కాదు.

ఇక సిబ్బి. హైదరాబాదులో పుట్టిన మా కోడలికి సిబ్బి అంటే తెలియదు. అన్నం గంజి వార్చేటప్పుడు కుండ మూతికి అడ్డం పెట్టే చిన్న వెదురు పళ్లెం లాంటిది. కుక్కర్లు వచ్చి గంజి పోయింది, గంజితో పాటు సిబ్బీ పోయింది. కానీ బతుకమ్మకు మాత్రం ఇప్పటికీ నాకు సిబ్బే కావాలి. గుమ్మడాకులు పరిచి దాని మీద తంగేడు, గునుగు పేరుస్తూ పోతే పూల నీరు కిందికి దిగిపోతుంది. ఇత్తడి తాంబాళంలో ఆ నీరు అక్కడే నిలుస్తుంది. నీళ్లలో వదిలేటప్పుడు సిబ్బితో సహా వదిలినా చెరువుకు బాధ లేదు. కిందటేడు మోండా మార్కెట్ అంతా తిరిగితే ఒక ముసలమ్మ దగ్గర నాలుగు దొరికాయి. నాలుగూ గంపగుత్తగా తెచ్చేశాను.

గంపగుత్త
నన్ను పిలిచారా?

ఎలాగూ వచ్చాను కనుక ఒకటి చెప్పి పోతాను. గంపెడాశ, చేటంత మొహం, తట్టాబుట్టా సర్దుకోవడం, జల్లెడ పట్టడం, బుట్టలో పడటం. ఇన్ని మాటలు ఇచ్చిన వస్తువులు ఇంట్లో లేవు, మాటలు మాత్రం నోట్లో ఉన్నాయి. మా పిల్లవాడు "తట్టాబుట్టా అంటే సూట్‌కేసా నాన్నా" అని అడిగాడు. అవునన్నాను.

నల్గొండ_నరసన్న
మా ఇంట్లో వెదురు గుమ్మి ఉండేది, మనిషి ఎత్తు. బయటా లోపలా పేడా మట్టీ కలిపి అలికేవారు. వడ్లు అడుగంటాక చేతికి అందవు కదా, ఇంట్లో సన్నగా ఉన్నవాణ్ణి నన్నే పై నుంచి లోపలికి దింపేవారు. లోపల చీకటి, దుమ్ము, ఒంటికి దురద. తట్టతో ఎత్తి పైకి అందిస్తే నాన్నమ్మ అందుకునేది. పైకి లాగాక ఒక బెల్లం ముక్క కూలి. తరువాత ఇనుప డబ్బాలు వచ్చాయి, నా ఉద్యోగం పోయింది.

ఈతపుల్ల
చర్చ అంతా వెదురు చుట్టూనే తిరుగుతోంది. గంపలన్నీ వెదురుతోనే అల్లుతారా?

మాది ఎరుకల కుటుంబం. మా నాయనమ్మ వెదురు ముట్టుకునేది కాదు. ఆమె సరుకు ఈత. ఈత మట్టల నుంచి ఆకు దూసి, ఆ బరిగెలను చీల్చి తడిపి గంపలు అల్లేది. మాలో శాఖల పేర్లే సరుకును బట్టి, సరకును బట్టి బతుకు. వెదురు దబ్బలతో అల్లేవారు దబ్బ ఎరుకల, ఈతతో అల్లేవారు ఈతపుల్లల ఎరుకల, నేతగాళ్ల కుంచెలు కట్టేవారు కుంచె ఎరుకల. ఉప్పు మోసినవారు ఉప్పు ఎరుకల, కరివేపాకు అమ్మినవారు కరివేపాకు ఎరుకల. నా హ్యాండిల్ అక్కడిదే.

ఈత గంప వెదురు గంపలా బిగుసుకుని ఉండదు. కిందపడేసినా వంగుతుంది, విరగదు. కోళ్లను కమ్మడానికీ, పేడ ఎత్తడానికీ, పొలంలో మట్టి మోయడానికీ అదే. తడి తగిలినా ఓర్చుకుంటుంది. వావిలి బరిగెలతోనూ అల్లేవారు. ఆ ఆకు వాసనకు పురుగు దగ్గరికి రాదని అనేవారు, అది మాస్టారు తేల్చాలి. పత్తి చేలు, కంది చేలు ఉన్నచోట కంది కట్టెతో తట్టలు. ఏది దగ్గర దొరికితే అది.

ఇన్ని పనులు చేతిలో ఉన్న జనాన్ని బ్రిటిష్ వారు నేరస్థ తెగల చట్టం కింద పెట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1911 నుంచి. రైళ్లు వచ్చి ఉప్పు మోసే బతుకు పోయింది, తిరిగితే నేరం అయింది. స్టువర్టుపురం అలా పుట్టినదే. 1952లో చట్టం రద్దయింది కానీ, నాయనమ్మ గంపలు నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి వెళ్తే ముందు చూపు గంప మీద పడేది కాదు, ఆమె మీద పడేది. ఇది కూడా గంప చర్చలో భాగమే అనుకుంటున్నాను.

ఓరుగల్లు_వాణి
భాగమే. రాసినందుకు సంతోషం.

పురుగులమాస్టారు
@ఈతపుల్ల వావిలి ఆకును ధాన్యంలో వేసి పురుగును తరమడం పాత పద్ధతే, ఆకుకు ఆ గుణం ఉంది. ఎండిన బరిగెకు ఎంత మిగులుతుందో చెప్పలేను.

ఈత ఇప్పుడు దొరుకుతోందా మీ వారికి?

ఈతపుల్ల
కల్లు గీసే చెట్టు మట్ట కొట్టనివ్వరు, వాళ్ల బాధ వాళ్లది. అన్ని మట్టలూ కొడితే చెట్టు ఎండుతుంది. నాయనమ్మ చెట్టుకు నాలుగైదు మట్టలు కోసి, ఆ ఏడాది మళ్లీ దాని వైపు చూసేది కాదు. ఆ చెట్లున్న వాగు గట్టు ఇప్పుడు ప్లాట్లు.

మూడోఅంతస్తు
ఒక సీరియస్ ప్రశ్న, నవ్వకండి. డిసెంబరులో మా మేనకోడలి పెళ్లి. మేనమామ పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాలి. అలంకరణ వాళ్లు ఒక గంప చూపించారు, నిండా ముత్యాలు, లైట్లు. అడుగు చేత్తో నొక్కితే లోపలికి పోయింది. నేను ఒకవైపు, తమ్ముడు ఒకవైపు మోస్తాం. పిల్ల కాస్త పుష్టిగా ఉంటుంది. దీన్ని ఆమె చదవదని నమ్మకం.

మేదరింటి ఆడపడుచు
నవ్వను, ఇలాంటి ఫోను ప్రతి మాఘంలో వస్తుంది. ముత్యాలు తరువాత కుట్టుకోవచ్చు, ముందు గంప చెప్పి అల్లించుకోండి, కనీసం రెండు వారాల ముందు. అడుగుకు వేలెడు వెడల్పు దబ్బలు, పొర తీయకుండా వేయమనండి. అడుగు నుంచి పైకి లేచే బద్దలు మధ్యలో అతుకు లేకుండా అంచుదాకా ఒక్కటే ఉండాలి, బరువు మోసేవి అవే. మోసేటప్పుడు అంచు పట్టుకోవద్దు, అడుగు కింద చేయి వేయండి. ముందురోజు సాయంత్రం గంప మీద నీళ్లు చల్లండి, ఎండిన దబ్బ పెళుసు.

మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఒకసారి మోసి చూడండి.

మూడోఅంతస్తు
తమ్ముడు 94 కిలోలు. గంప ఆగితే పిల్లకు భయం లేదు, ఆగకపోతే తమ్ముడికి బుద్ధి వస్తుంది.

వేపచెట్టు
పెళ్లి పందిరి బొంగులూ, నిచ్చెనలూ, పెళ్లి గంపా, పాడె బొంగులూ అన్నీ ఒకే దుకాణంలో ఉంటాయి. మా నాన్న పోయినప్పుడు తెల్లవారుజామున మూడింటికి తలుపు తడితే లేచి ఇచ్చారు. డబ్బు తరువాత చూద్దాం అన్నారు. చీటీలు కట్టే దుకాణం వాళ్లు మూడింటికి లేస్తారా?

గంపగుత్త
సీతాఫలాల కాలం వస్తోంది. మోజంజాహీ మార్కెట్ దగ్గర గంపల్లో ఆకులు పరిచి పెట్టేవారు, చూస్తే సగం ఆకలి తీరేది. ఇప్పుడు ప్లాస్టిక్ పెట్టెలే ఎక్కువ. ఒకదాని మీద ఒకటి పెట్టడానికి వీలు, లారీలో నలగవు, పదిసార్లు వాడొచ్చు. ఒప్పుకుంటాను. అయినా మగ్గవలసిన కాయకు గాలి ఆడాలి కదా.

రామంతపూర్ రావు
అప్పుడు గంప బరువు కూడా కాయలతో కలిపి తూచేవారు, అది మరిచారా?

గంపగుత్త
మరవలేదు. ఇప్పుడు పెట్టె బరువు కలుపుతున్నారు, అది ఇంకా ఎక్కువ.

కోకాపేట_సుధ
పన్నెండు రోజుల తరువాత వచ్చాను, అందరికీ సంగతి చెప్పాలి.

బట్టల బుట్ట పోయింది. ఎండలో పెట్టాను, పొడి తగ్గింది కానీ సగం బద్దలు వేలితో నొక్కితే విరుగుతున్నాయి. బాల్కనీలో మట్టి కుండీకి ముసుగులా వేశాను, ఎన్నాళ్లుంటే అన్నాళ్లు.

చేట బతికింది. మేదరి గారు విడిగా సందేశంలో చెప్పినట్టు, రోడ్డు పక్కన కూర్చుని అల్లే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. చేటను వేలితో ఒకసారి కొట్టి చూసి, చప్పుడు విని, "ఈ రెండే" అని పుప్పి పట్టిన బద్దలు లాగేసి పచ్చ బద్దలు దూర్చారు. పది నిమిషాల పని. 40 అడిగారు. రావు గారి చర్చ గుర్తుకొచ్చి 100 ఇస్తే, 60 తిరిగి ఇచ్చి "చేట కొన్నప్పుడు ఇవ్వండి" అన్నారు. సిగ్గేసి ఒక చేట, రెండు జల్లెడలు కొనుక్కున్నాను.

ఇంటికి వచ్చాక అత్తగారు రంగంలోకి దిగారు. మెంతులు నానబెట్టి రుబ్బి, పాత వార్తాపత్రికలు నీళ్లలో నానేసి గుజ్జు చేసి, రెండూ కలిపి పసుపు వేసి పాత చేట వెనకవైపు పట్టించారు. ఎండాక అట్టలా గట్టిపడింది. వంటిల్లంతా మూడు రోజులు మెంతి వాసన. ఈ విద్య ఇంట్లోనే ఉండగా నేను ఫోనులో అడిగానని ఇప్పుడు రోజుకొకసారి వినాల్సివస్తోంది.

ఓరుగల్లు_వాణి
వార్తాపత్రిక సిరా బియ్యానికి తగలకుండా చూసుకోండి. వెనకవైపే కనుక ఫరవాలేదు. మేము తెల్ల కాగితాలే వాడేవాళ్లం, పిల్లల పరీక్ష కాగితాలు.

రామంతపూర్ రావు
సుధ గారూ, ఆ పెద్దాయన ఎక్కడ కూర్చుంటారు? మా చేట అంచు ఊడింది. బేరమాడను.

కోకాపేట_సుధ
అడగకుండా ఇక్కడ రాయలేను, విడిగా చెబుతాను. పొద్దున పదిలోపే వెళ్లండి, ఎండెక్కితే బద్దలు ఆరిపోతాయని పని కట్టేస్తారు.

మూడోఅంతస్తు
నా సంగతి కూడా రాస్తాను. గంప చెప్పి చేయించాం, తమ్ముడు కూర్చున్నాడు, గంప నిలిచింది, నా నడుము నిలవలేదు. ఇక మాస్టారు చెప్పిన ఫ్రీజర్ చికిత్స కూడా చేశాను, మా పూలబుట్ట నాలుగు రోజులుగా అందులోనే ఉంది. ఐస్‌క్రీమ్ ఎక్కడ పెట్టాలని ఇంట్లో అడుగుతున్నారు. ఇంకా మూడు రోజులు ఉంచాలా మాస్టారూ?

పురుగులమాస్టారు
ఉంచాలి. ఐస్‌క్రీమ్ తినేయండి.